తెల్లబస్సుకూ నీలంబస్సుకూ నడుమ

ట్రావెల్స్ ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడూ నన్ను వెతుక్కుంటూ ప్రొద్దుటూరులోని నా గదికి వస్తారు. ఆ ముసలాయన బస్టాండులోనే పుట్టి పెరిగినట్టుంటాడు, పోయి అడగండి అని ఎవరో చెప్పి ఉంటారు. వాళ్ళు అడిగేది ఒకటే. ఏ కంపెనీ బస్సుకు ఎలాంటి జనం వస్తారు, ఎవరితో ఎలా మెలగాలి? నేను నోరు తెరిచేలోపు జవాబు కూడా వాళ్ళే చెప్పేస్తారు. ఫలానా స్లీపరుకు కాంట్రాక్టర్లు వస్తారు సార్, పక్కవాడిని లెక్కచెయ్యరు. ఫలానా బండికి పెళ్ళిళ్ళవాళ్ళు, సీటు దగ్గర రచ్చ. చవక బండికి కాలేజీ పిల్లలు, తెల్లవార్లూ ఫోన్లు.

నేను తలూపి మజ్జిగ ఇచ్చి పంపిస్తాను. వాళ్ళు చెప్పేదాంట్లో తప్పేమీ లేదు. నేను కూడా సగం జీవితం ఇదే చెప్పాను, దీని మీదే బతికాను. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. అది మజ్జిగ గ్లాసు ఖాళీ అయ్యేలోపు చెప్పగలిగేది కాదు. అందుకని రాస్తున్నాను. జీతాలు, హోదాలు రాయను. నాకు హోదా అంటూ ఏదీ రాలేదు కూడా.

ఎవరూ లేకపోవడమే అర్హత

నేను అప్పట్లో జమ్మలమడుగు ప్రైవేటు బస్టాండులో టైంకీపర్ని. ఆ ఉద్యోగం ఇప్పుడు మా వైపు కనబడదు కాబట్టి అదేమిటో చెప్పాలి. ఒకే దారిలో రెండు కంపెనీల బస్సులు తిరుగుతుంటే, ముందు బస్సు కాసేపు ఎక్కువ నిలబడిందంటే వెనక బస్సుకు జనం మిగలరు. మామూలు ఊళ్ళలో అయితే దాని మీద తిట్లు లేస్తాయి. ఆ ఫ్యాక్షన్ రోజుల్లో మా ఊళ్ళలో తిట్లతో ఆగేది కాదు. అందుకని తెల్లబస్సు, నీలంబస్సు అని జనం పిలిచే రెండు కంపెనీలవాళ్ళూ కలిసి ఒక మనిషిని పెట్టుకునేవారు. అతను ఈల వేస్తే బస్సు కదలాలి, ఎవరి బస్సైనా సరే. ఆ ఈల నా చేతిలో ఉండేది.

నాది కమలాపురం. నాన్న గుడి పూజారి. నేను ఉద్యోగం కోసం తిరిగేనాటికి ఆయనా లేడు, అమ్మా లేదు. తోడబుట్టినవాళ్ళు మొదటినుంచీ లేరు. నాకంటే ముందు వచ్చినవాళ్ళలో ఒకడికి పెద్దముడియంలో బావమరిది ఉన్నాడని ఒక ఓనరు వద్దన్నాడు. ఇంకొకడికి తొండూరులో మేనత్త ఉందని రెండో ఓనరు వద్దన్నాడు. నా వంతు వచ్చింది. నీలంబస్సు ఓనరు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఈ చుట్టుపక్కల నీకు ఎవురన్నా ఉండారా?"

"ఎవరూ లేరండీ."

"శానా మంచిది" అన్నాడు.

ఒక మనిషికి ఎవరూ లేరంటే శానా మంచిది అన్నవాడిని అంతకుముందు నేను చూడలేదు. తెల్లబస్సు ఓనరు పక్కనే ఉండి చిరునవ్వు నవ్వాడు. "పూజారి కొడుకు. ఎవురింట్లోనూ తినడు గూడా" అన్నాడు. వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడగా నేను చూసింది ఆ ఒక్కరోజే.

ఎవరింట్లోనూ తినకపోవడం అనేది అక్కడ చిన్న విషయం కాదు. ఒక ఇంట్లో కంచం ముందు కూర్చున్నావంటే ఆ ఇంటి వర్గం అయిపోయినట్టే. అందుకని నాకు కొన్ని కట్టుబాట్లు పెట్టారు. ఎవరింట్లోనూ తినకూడదు. పెళ్ళికి పోకూడదు, చావుకు పోకూడదు. ఈ రెండు కంపెనీల బస్సులూ ఎక్కకూడదు. ఎవరికీ ఫలానా బస్సు ఎక్కమని చెప్పకూడదు. టీ తాగితే ఒక్కడినే తాగాలి. బస్టాండు వెనక ఒక గది, రెండు పూటలా హోటలు భోజనం. సంబంధాలు రెండు వచ్చాయి. రెండుసార్లూ నేను మొదట ఆలోచించింది అమ్మాయి గురించి కాదు, ఆ ఊళ్ళో ఏ బస్సు ఆగుతుందా అని. వాటిని అంతటితో వదిలేశాను.

రోజంతా వందలమంది నడుమ నిలబడి, సాయంత్రం గది తాళం తీసేటప్పుడు నాకు ఏడుపు వచ్చేది. అప్పుడు ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరైనా ఉంటే ఆ ఉద్యోగమే ఉండేది కాదు.

మూడు బస్సులు, మూడు రకాల జనం

తెల్లబస్సు, నీలంబస్సు, ఎర్రబస్సు. మొదటి రెండూ పెద్దముడియం నుంచి జమ్మలమడుగు, ముద్దనూరు, తొండూరు మీదుగా పులివెందులకు తిరిగేవి. తెల్లబస్సు ఓనరు ఒక పార్టీ, నీలంబస్సు ఓనరు రెండో పార్టీ. దారిలోని ఊళ్ళు కూడా అలాగే చీలిపోయాయి. తెల్లబస్సు ఆగే పల్లెలో నీలంబస్సు ఆగదు, హారన్ కొట్టుకుంటూ పోతుంది. ఎర్రబస్సు ప్రభుత్వానిది. ఒకసారి రాళ్ళు పడ్డాక అది పల్లెల్లోకి రావడం మానేసి మెయిన్‌రోడ్డు మీదే పోయేది.

ఏ బస్సు జనం ఎలాంటివాళ్ళో తెలుసుకోవాలంటే బస్టాండులో టీకొట్టు రామసుబ్బయ్యను అడగాలి.

"తెల్లబస్సోళ్ళు ఉత్త పిసినారోళ్ళప్పా. టీ ఒకటి, గ్లాసులు మూడు. నవ్వుతానే ఉంటారు, కడుపులో ఏముందో ఎవురికి ఎరుక? నీలంబస్సోళ్ళు అట్ల కాదు. దుడ్లు లెక్క చూడరు. కానీ ఒకటి చూడు, సంచి ఒళ్ళోనుంచి దించరు."

ఆ చివరిమాట దగ్గర గొంతు తగ్గించేవాడు. సంచిలో ఏముంటుందో అందరికీ తెలిసినట్టే అందరూ తలూపేవారు. ఆ రోజుల్లో మా వైపు సంచి అంటే నాటుబాంబులే గుర్తుకొచ్చేవి.

"మరి ఎర్రబస్సో?" అని ఎవరైనా అడిగితే తీసిపారేసేవాడు. "టీచర్లు, గుమాస్తాలు, కోర్టుకు పొయ్యేటోళ్ళు. ఎవురికీ కానోళ్ళు."

నేను ఎప్పుడైనా ఊరు కదిలితే ఎర్రబస్సులోనే కదిలేవాడిని.

నిజం చెప్పాలంటే రెండు బస్సుల్లోనూ సంచులు ఒళ్ళోనే ఉండేవి. పైన పెడితే ఆ రోడ్డు కుదుపులకు నెత్తిన పడతాయి. రెండు బస్సుల జనమూ టీ ఒకటి చెప్పి గ్లాసులు మూడు అడిగేవారు. వానలు లేని ఏడు ఎవరు మాత్రం మూడు టీలు చెబుతారు? ఇదంతా నా కళ్ళముందే జరిగేది. అయినా రామసుబ్బయ్య చెప్పిందే నేనూ నమ్మాను. నీలంబస్సు వచ్చి ఆగితే తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేసేవాడిని.

ఒకసారి ఎరువుల కంపెనీ మనిషి ఒకడు వచ్చాడు, గుంటూరు వైపువాడు. పొద్దున తెల్లబస్సులో ముద్దనూరు పోయి, మధ్యాహ్నం నీలంబస్సులో తిరిగి వచ్చాడు. రెండు వర్గాలవాళ్ళూ వాడిని గూఢచారి అనుకున్నారు. ఖాళీ సీటు ఉండి కూడా ఎవరూ కూర్చోనివ్వలేదట. చెమటలు కారుతూ నా దగ్గరికి వచ్చి, "ఏమండీ, ఈ రెండిట్లో ఏ బస్సు మంచిదండీ?" అని అడిగాడు. అంత అమాయకమైన ప్రశ్న ఆ బస్టాండులో ఎవరూ అడిగి ఉండరు. ఎర్రబస్సు వైపు వేలు చూపించాను. దణ్ణం పెట్టి పరుగెత్తాడు.

ఓనర్ల గురించి కూడా ఒక మాట. తెల్లబస్సు ఓనరు ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. "ఏం సామీ, బాగుండావా?" అని భుజం మీద చెయ్యి వేసేవాడు, ఆ చెయ్యి బరువు సాయంత్రం దాకా ఉండేది. నీలంబస్సు ఓనరు నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. కానీ ఆయన ఏమనుకుంటున్నాడో మనకు తెలిసేది. మీకు బాసును ఎంచుకునే అదృష్టం ఉంటే తిట్టేవాడినే ఎంచుకోండి.

మస్తాన్ టైర్లు

ఆ బస్టాండులో నాతో మనిషిలా మాట్లాడినవాడు ఒక్కడు, నీలంబస్సు డ్రైవరు మస్తాన్. మేమిద్దరం కలిసి టీ తాగడానికి లేదు. నిలబడి కబుర్లు చెప్పుకోవడానికి లేదు. మస్తాన్ దానికొక ఉపాయం కనిపెట్టాడు. బస్సు ఆగగానే దిగి, చిన్న సుత్తి పట్టుకుని టైర్లు కొట్టి చూసేవాడు. నేను టైము చూసుకుంటున్నట్టు పక్కన నిలబడేవాడిని. అతను టైరుతో మాట్లాడేవాడు, నేను గడియారంతో మాట్లాడేవాడిని.

"రాత్రి ఏం తింటివి సామీ?"

"హోటల్లో పప్పు."

"మా ఇంట్లో నిన్న సొరకాయతో కద్దూ కా సాలన్ చేసినారు. నిన్ను తలుచుకుంటి. పిలిచేదానికి లేకపాయ."

నాలుగు టైర్లకు నాలుగు మాటలు, వెనక జంట చక్రాలకు ఇంకో రెండు. జిల్లా మొత్తంలో టైర్లను అంత శ్రద్ధగా చూసుకున్న డ్రైవరు ఇంకొకడు ఉండడు. నా రోజంతా ఆ టైర్ల చుట్టూ తిరిగేది.

ఓబులమ్మ

ఒక ఉదయం పెద్దముడియం నుంచి నీలంబస్సు వచ్చి ఆగింది. అందులోంచి ఒకామె దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది. పేరు ఓబులమ్మ. గొర్రెలు కాసే కుటుంబం. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎటో చూస్తూ మాట్లాడింది.

"సామీ, మాది మిట్టకొట్టాలు. నా పుట్టిల్లు వంకపల్లె. మాయమ్మ మంచంలో ఉండాది. ఈరోజో రేపో అంటాండారు. నా పేరే పిలుస్తాండాదంట."

నాకు అర్థమైంది. మిట్టకొట్టాలు పెద్దముడియం వైపు పల్లె, నీలంబస్సు ఊరు. వంకపల్లె ముద్దనూరు దాటాక లోపలి పల్లె, తెల్లబస్సు ఊరు. ఆమె పెళ్ళి అయ్యేనాటికి ఈ గొడవలు లేవు. తరువాత రెండు ఊళ్ళూ చెరొక వర్గం అయ్యాయి, ఆమె పుట్టింటి దారి మూసుకుపోయింది. ఎర్రబస్సు ఆ పల్లెకు పోదు. నీలంబస్సు అక్కడ ఆగదు. తెల్లబస్సు ఎక్కితే అమ్మ దగ్గరికి పోవచ్చు, కానీ ఎక్కడం అంటే వర్గం మారడమే.

"మీ ఆయన ఏమన్నాడు?" అని అడిగాను.

"ఆయప్పే పంపించినాడు సామీ. పొద్దన్నుంచి ఏడుస్తాండాడు. కానీ నేను తెల్లబస్సు ఎక్కినానని తెలిస్తే ఊర్లో ఆయప్పను బతకనీరు. టైంకీపర్ సామికి చెప్పు, ఆయన ఏదన్నా చేస్తాడు అనె."

నేను ఎవరికీ ఫలానా బస్సు ఎక్కమని చెప్పకూడదు. ఆ మాటే చెప్పాను. ఆమె వాదించలేదు. "సరే సామీ" అని స్తంభానికి ఆనుకుని కింద కూర్చుంది. ఏడ్చినా బాగుండేది.  ఆమె అమ్మ ఆమె పేరు పిలుస్తోంది. నా పేరు పెట్టి పిలిచేవాళ్ళు పోయి ఎన్నేళ్ళయిందో నాకు ఆ క్షణంలో గుర్తుకొచ్చింది. బస్టాండులో నన్ను అందరూ టైంకీపర్ అనో సామీ అనో అనేవారు, నా పేరు ఎవరికీ తెలియదు.

మస్తాన్ వెనక టైరు దగ్గర ఉన్నాడు. వెళ్ళి గడియారం చూసుకుంటూ విషయం చెప్పాను.

రెండు కంపెనీలూ ఒప్పుకున్న ఒక పద్ధతి ఉంది. బస్సు ఫెయిలైతే, అందులోని జనాన్ని వెనక వచ్చే బస్సు ఎక్కించుకుపోవాలి, అది ఎవరి బస్సైనా. ఆ ప్రయాణం వర్గం కిందికి రాదు. బండి చెడిపోతే మనిషి ఏం చేస్తాడు అని ఊళ్ళు కూడా ఊరుకునేవి. మస్తాన్ సుత్తి ఆపి నన్ను చూశాడు. అన్నేళ్ళలో నేరుగా నా ముఖం చూడటం అదే మొదటిసారి.

"నీకెందుకు సామీ ఈ పరేషాన్?" అన్నాడు. మళ్ళీ టైరు మీద ఒక దెబ్బ వేశాడు. "పో. ఈల ఎయ్యి."

ఫెయిలైన బండి

ఓబులమ్మను మళ్ళీ నీలంబస్సే ఎక్కమన్నాను. ఈల వేశాను. బస్సు కదల్లేదు.

"సెల్ఫ్ తీసుకోల్యా" అని మస్తాన్ కేక వేశాడు.

వెంటనే బస్సులోని మగవాళ్ళంతా దూకి తోయడానికి పంచెలు ఎగ్గట్టారు. ఇది మేమిద్దరం అనుకోలేదు. సెల్ఫ్ తీసుకోని బండిని తోస్తే స్టార్ట్ అవుతుందని మా వైపు పసిపిల్లకు కూడా తెలుసు. మస్తాన్ "సెల్ఫ్ కాదప్పా, క్లచ్ ప్లేటు! తోస్తే గేరుబాక్సు గూడా పోతాది!" అని అరిచాడు. పంచెలు దిగాయి.

వెనకే తెల్లబస్సు వచ్చింది. కండక్టరు నాగన్న నీలంబస్సు జనాన్ని చూసి తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"ఎవురి సంచిలో ఏముందో నాకేం తెలుసు? ఎక్కించుకోను."

"పద్ధతి ఇద్దరు ఓనర్లూ పెట్టింది నాగన్నా."

"అట్లయితే నువ్వూ ఎక్కు. నువ్వుంటేనే బండి కదిలేది."

ఏ బస్సూ ఎక్కకూడదన్న మాట ఆరోజు అలా పోయింది. నేను మెట్టు మీద నిలబడ్డాను. సీట్లలో తెల్లబస్సు జనం, నడుమ దారిలో నిలబడి నీలంబస్సు జనం. ముద్దనూరు దాకా ఎవరూ దగ్గలేదు కూడా. నిలబడినవాళ్ళ సంచి కూర్చున్నవాళ్ళు ఒళ్ళో పెట్టుకోవడం మా బస్సుల్లో అడగకుండా జరిగే మర్యాద. ఆరోజు ఎవరూ చెయ్యి చాపలేదు. నిలబడినవాళ్ళు సంచులు గుండెలకు పట్టుకుని ఊగుతున్నారు.

ముద్దనూరు దాటాక పెద్ద గుంత వచ్చింది. నిలబడిన ఒక పెద్దాయన సంచితో సహా కూర్చున్న ఒకాయన మీద పడ్డాడు. కూర్చున్నాయన చేతులకు సంచిలో గుండ్రంగా, గట్టిగా ఏవో తగిలాయి. ముఖం తెల్లబోయింది. చుట్టుపక్కలవాళ్ళు సీట్లలోంచి లేచారు.

"ఏంది పెద్దాయనా ఇవి?"

"టెంకాయలప్పా. మొక్కుబడి ఉండాది."

"తీసి చూపియ్యి."

పెద్దాయన ఒకటి తీసి, అందరికీ కనబడేలా పైకెత్తి, పీచు పట్టుకుని ఆడించాడు. లోపల నీళ్ళు చప్పుడయ్యాయి. మొదట ఎవరు నవ్వారో తెలియదు. కూర్చున్నాయన సంచి లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు. "నిలబడలేవు, ఊగతాండావు. ఇట్ల ఇయ్యకపోతివా ముందే?" అని కసిరాడు. ఆ తరువాత సంచులన్నీ ఒకటొకటిగా కిందికి దిగాయి. ఒక తల్లి బిడ్డను కూడా ఇచ్చేసింది.

వాళ్ళు ఒకరినొకరు ప్రేమించారని నేను చెప్పడం లేదు. చేతులు నొప్పి పుట్టాయి, అంతే. కానీ రామసుబ్బయ్య టీకొట్టు మాటలు నేను ఆరోజుతో నమ్మడం మానేశాను.

వంకపల్లె

వంకపల్లెలో బోరింగు దగ్గర బస్సు ఆగింది. అక్కడ కూర్చున్న మగవాళ్ళు కిటికీల్లో కొత్త ముఖాలు చూసి లేచి నిలబడ్డారు. ఓబులమ్మ దిగింది. ఆమె అన్న గంగన్న వాళ్ళలోనే ఉన్నాడు. చెల్లెలిని చూశాడు, కదల్లేదు.

"నీలంబస్సు ఫెయిలైంది. వీళ్ళంతా దారినపోయేవాళ్ళు. బస్సు ఇక్కడ ఆగింది, ఈమె దిగింది" అన్నాను.

గంగన్న నా దగ్గరికి వచ్చాడు. "నువ్వూ రా సామీ. నువ్వు సాక్ష్యం లేకుండా ఇంట్లోకి పిలిస్తే రేపు నన్ను అడుగుతారు" అన్నాడు. బస్సు మిగతా జనంతో పులివెందులకు వెళ్ళిపోయింది. నేను వాళ్ళ వెనక నడిచాను.

గొర్రెల దొడ్డి పక్కన చిన్న ఇల్లు. ముసలామె నులకమంచం మీద ఉంది. ఓబులమ్మ తలాపున కూర్చుని "అమ్మా" అంది. ముసలామె కళ్ళు తెరిచి కూతురి ముఖం తడిమింది.  గంగన్న గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

కాసేపటికి ఆమె చూపు నా మీద పడింది. ఎవరని అడిగింది. బస్టాండు సామి అని కూతురు చెప్పింది.

"నువ్వు ఎవురి బస్సోనివి నాయనా?"

"ఎవరి బస్సూ కాదమ్మా."

"అయ్యో. మల్ల ఇంటికి ఎట్ల పోతావు?" అంది.

ఆమె వెటకారంగా అనలేదు. నిజంగానే నా గురించి బాధపడింది.   "మేయ్, సామికి ఏమన్నా పెట్టు" అని ఆమె కూతురికి చెప్పింది. ఓబులమ్మ, గంగన్న ఇద్దరూ నావైపు చూశారు. నేను తిననని వాళ్ళకు తెలుసు, ఎందుకు తినకూడదో కూడా తెలుసు.

కింద కూర్చున్నాను. రాగిసంగటి, శెనక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టారు. తిన్నాను. ఉద్యోగంలో చేరాక ఒక ఇంట్లో, ఇంకొకరు వడ్డిస్తే తిన్న మొదటి ముద్ద అది. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను. ఇప్పటికీ దానికి చింతించను.

మధ్యాహ్నం తెల్లబస్సు తిరిగి వచ్చినా ఎక్కలేదు. మెయిన్‌రోడ్డు దాకా నడిచి ఎర్రబస్సు పట్టుకున్నాను.

అయిపాయ

ముసలామె నాలుగు రోజులకు పోయింది. ఓబులమ్మ అంతా ముగించుకుని అత్తవారింటికి తిరిగివెళ్ళింది. బండి చెడిపోయింది, దిగింది, అమ్మ చావుబతుకుల్లో ఉంటే ఆగిపోయింది, ఎవరేమంటారు? మిట్టకొట్టాలలో అందరికీ అసలు సంగతి తెలుసు. తెలియనట్టు ఉండటానికి క్లచ్ ప్లేటు వాళ్ళకు కూడా పనికొచ్చింది.

నీలంబస్సు ఓనరు నన్ను పిలిపించాడు.

"క్లచ్ ప్లేటు సంగతి నేను అడగను. నా బండి, నా డ్రైవరు, నేను చూసుకుంటా. నువ్వు ఆ ఊర్లో సంగటి తింటివా లేదా? అది చెప్పు."

"తిన్నాను."

"అయితే అయిపాయ" అన్నాడు. ఆ మాటతో నా ఉద్యోగం పోయింది, కానీ తిట్టలేదు. ఆయన తిట్టకపోవడం నాకు కష్టంగా అనిపించింది.

తెల్లబస్సు ఓనరు ఆ సాయంత్రమే మనిషిని పంపాడు. మా ఊళ్ళో తిన్నావు, మావాడివే, కండక్టరుగా రా అని. చేరితే, నేను తెల్లబస్సు మనిషినైపోయానని నీలంబస్సువాళ్ళు అన్నది నిజమవుతుంది, ఓబులమ్మ ప్రయాణం కూడా వర్గం ప్రయాణం అయిపోతుంది. రానన్నాను. ఆ చెయ్యి మళ్ళీ నా భుజం మీద పడలేదు. ప్రొద్దుటూరు వచ్చి ఒక ట్రావెల్స్‌లో బుకింగ్ గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరయ్యాను.

మస్తాన్‌ను బస్సు నుంచి తీసి లారీ మీదికి పంపారు. ఒకే ఒకసారి ప్రొద్దుటూరు బజారులో కనబడ్డాడు. ఇప్పుడు మమ్మల్ని కాపలా కాసేవాళ్ళు ఎవరూ లేరు, ఎదురుగా టీకొట్టు ఉంది. అయినా అతను లారీ దిగి, సుత్తి తీసుకుని, వంగి టైర్లు కొడుతూ మాట్లాడాడు. నేను గడియారం చూసుకుంటూ జవాబు చెప్పాను. ఇద్దరికీ వేరేలా మాట్లాడటం రాలేదు. ఆ తరువాత కొంతకాలానికి అతను పోయాడని విన్నాను. ఆ టీ తాగి ఉండాల్సింది.

నేను జమ్మలమడుగు వదిలాక వచ్చిన ఎన్నికల్లో తెల్లబస్సు ఓనరు పార్టీ మారి నీలంబస్సు ఓనరు పక్కన చేరాడు. ఇద్దరూ ఒకే జీపులో నిలబడి చేతులూపారట. ఊళ్ళకు ఏం చెయ్యాలో కొన్నాళ్ళు తెలియలేదు. కొన్ని ఊళ్ళు బస్సు మార్చాయి. రామసుబ్బయ్య మాత్రం తడబడలేదట. తెల్లబస్సోళ్ళు దుడ్లు లెక్క చూడరు, నీలంబస్సోళ్ళు ఉత్త పిసినారులు అని చెప్పడం మొదలుపెట్టాడట.

కొత్తగా చేరేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. మనిషి ఏ బస్సు ఎక్కాడో చూడటం మీ పని, చూడండి. అందువల్ల అతను ఎలాంటివాడో తెలిసిపోయిందని అనుకోకండి. ఇంకొకటి, ఎవరూ లేనివాడిని వెతికి ఇచ్చే ఉద్యోగం మీ దగ్గరికి వస్తే, జీతం ఎంతని అడిగేముందు బాగా ఆలోచించుకోండి.

యాడికి?

పోయిన ఏడు ఏ పనీ లేక జమ్మలమడుగు వెళ్ళాను. పాత ప్రైవేటు బస్టాండు లేదు. ఎవరూ నన్ను గుర్తుపట్టలేదు. తిరిగి వచ్చేద్దామని కనబడిన బస్సు ఎక్కి కూర్చున్నాను. అది ప్రొద్దుటూరు వైపు కాకుండా పెన్న దాటి ముద్దనూరు దారి పట్టింది. కండక్టరు మిషను పట్టుకుని వచ్చింది.

"యాడికి పెద్దాయనా?"

అందరినీ వాళ్ళ దారిన పంపించినవాడిని, నాకు చెప్పడానికి ఊరు పేరు రాలేదు. వెనకాలవాళ్ళు విసుక్కుంటున్నారు. "వంకపల్లె" అన్నాను. ఆ ఒక్క పేరే నోటికి వచ్చింది.

బోరింగు దగ్గర దిగాను. ఆ ఇల్లు అలాగే ఉంది, పైకప్పు మాత్రం రేకులు. వాకిట్లో ఒక ముసలామె శెనక్కాయలు ఒలుస్తోంది. భర్త పోయాక ఓబులమ్మ పుట్టింటికే వచ్చేసిందని, అన్న కుటుంబం పులివెందులలో స్థిరపడితే ఆమే ఇల్లు చూసుకుంటోందని తరువాత తెలిసింది. నన్ను చూసి ముఖం చిట్లించింది. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ చూసింది. చేటలోని కాయలు కింద పోసేసి లేచింది.

"సామీ! టైంకీపర్ సామివి గదా! రా, కూచ్చో. కడుపులో ఏమన్నా పడిందా?"

లేదన్నాను. మంచం వాల్చి, చెంబుతో నీళ్ళు ఇచ్చింది. ఇన్నాళ్ళూ యాడ ఉంటివి, ఎవరున్నారు నీకు అని అడుగుతూ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. లోపలినుంచే ఇంకో మాట అడిగింది.

"ఏ బస్సుకొచ్చినావు?"

నేను నోరు తెరిచాను. కంపెనీ గుర్తు రాలేదు. రంగు కూడా గుర్తు రాలేదు.

"చూసుకోలేదు ఓబులమ్మా" అన్నాను.

ఆమె చేతిలో సంగటికట్టెతో గుమ్మంలోకి వచ్చింది. "నువ్వా? నువ్వు చూసుకోలేదా?" అని నన్నే చూసింది. తరువాత ఇంకేమీ అడక్కుండా, నాకు కూడా కలిపి ఎసట్లో పిండి పోసింది.